చిలక పంతులు చూపిన హద్దురాయి

మా అత్త కోపం ఎప్పటికైనా తగ్గుతుందా అని అడగడానికే నేను మొదటిసారి జోస్యం చెప్పించుకున్నాను. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు. నల్లగొండలో మేమున్న కిరాయి ఇంటి గల్లీ మలుపులో, ఎప్పుడో మూతపడ్డ అత్తరు దుకాణం అరుగు మీద ఒక చిలక పంతులు కూర్చునేవాడు. నుదుటి నిండా విభూతి, గుండెల దాకా గడ్డం, కనుబొమ్మల మీదికి జారిన కాషాయ తలపాగా. ఆలంపూర్‌లో తుంగభద్ర ఒడ్డున, జోగులాంబ తల్లి సన్నిధిలో ఏళ్ళ తరబడి తపస్సు చేసి వచ్చానని చెప్పుకునేవాడు. ఆయన చిలక బోనులోంచి బద్ధకంగా బయటికి వచ్చి, నా కోసం ఉగ్రనరసింహుడి పటం లాగింది.

"తగ్గది తల్లీ," అన్నాడు పంతులు పటం చూసి. "అది దైవాంశ."

ఆ తర్వాత నా జీవితంలో ఎన్ని జోస్యాలు చెప్పించుకున్నా ఇంత ఖరారుగా నిజమైంది ఇంకొకటి లేదు.

మా అత్త కోపానికి కారణం లేకపోలేదు. దేవరకొండ దిక్కున మా ఊళ్ళో, చెరువు కింద మా మామకు కొంత పొలం ఉండేది. దాని పక్కదంతా దొరది. మా పొలం హద్దురాయి మీద మా మామ వాళ్ళ తాత ఎప్పుడో నాగలి బొమ్మ చెక్కించాడట. ఒక వానాకాలం, ఊరంతా ముసురుకు ఇళ్ళల్లో ముడుచుకున్నప్పుడు, ఆ రాయి మాయమైంది. ఏ బొమ్మా లేని కొత్త రాయి ఒకటి మా పొలం నడుమకు వచ్చి నిలబడింది. "ఇది మా రాయి కాదు, మా రాయికి నాగలి ఉంటది" అని మా మామ ఊరంతా తిరిగి చెప్పాడు. దొర కోటలాంటి తన గడీలో పంచాయతీ పెట్టించాడు. గడీ నౌకరు ఒకడు ముందుకొచ్చి, నాగలి రాయి అనేది తాను పుట్టిన కాడినుంచి చూడలేదని ప్రమాణం చేశాడు. ఊరివాళ్ళందరికీ నాగలి గుర్తే. కానీ దొర ఎదుట ఎవరికీ గుర్తు రాలేదు.

మా మామ అబద్ధాలకోరని తేల్చి, వీపు మీద బండ పెట్టి ఎండలో వంగబెట్టారు. ఆయన ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. పొలం పోయినందుకు కాదు, తనను అబద్ధాలకోరన్నందుకు పోయాడని మా అత్త అనేది. ఈ కథ ఆమె నాకు వంకాయలు కోస్తూ చెప్పేది. నౌకరు ప్రమాణం దగ్గరికి వచ్చేసరికి వంకాయ ముక్కలు వండుకోవడానికి పనికిరాకుండా పోయేవి.

తర్వాత దొరల మీద తిరగబడ్డ సంఘం వచ్చింది. దొర హైదరాబాదుకు పారిపోయాడు. జనం గడీలో ఉన్న కాగితాలన్నీ కుప్పపోసి కాల్చేశారు. ఆ వెనుక రజాకార్లు ఊళ్ళమీద పడితే మేము మూటాముల్లెతో నల్లగొండ చేరాము. మా గల్లీలో సగం మంది మా దిక్కు ఊళ్ళవాళ్ళే. పోలీస్ యాక్షన్ అయిపోయాక ఊరి నుంచి రెండు కబుర్లు వచ్చాయి. దొర కాంగ్రెస్ తెల్ల టోపీ పెట్టుకుని తిరిగొచ్చాడన్నది ఒకటి. హద్దులు తేల్చడానికి రెవెన్యూ గిర్దావర్ వస్తున్నాడన్నది రెండోది. కాగితాలు కాలిపోయాయి కాబట్టి, పాత రాయి చూపిస్తే పాత హద్దే ఖాయం చేస్తానని ఆ గిర్దావర్ చాటింపు వేయించాడట.

పాత రాయిని ఎక్కడ చూపించడం? హద్దు గెట్టు దున్నేసి అంతా ఒకే మడి చేశారు. పూడ్చినవాడికి తప్ప దాని జాడ తెలియదు. పూడ్చింది వాడేనని ఊరంతా అనుమానించే ఆ నౌకరేమో సంఘం వచ్చిన రోజే మాయమయ్యాడు. చచ్చిపోయాడని కొందరు, బొంబాయి పోయాడని కొందరు.

"వాడు సావడు," అనేది మా అత్త. "గసుంటోడు గంత తొందరగ సస్తాడే?"

ఒకసారి పంతులును అడిగి చూద్దామని నేను పోరు పెట్టాను. మా గల్లీ అంతా ఆయనకు దాసోహమని ఉండేది. ముఖం చూసి ఊరు చెప్పేవాడు, ఇల్లు ఏ ముఖంగా ఉందో చెప్పేవాడు, పాలోళ్ళతో, అంటే దాయాదులతో, బావి తగాదా ఉందని చెప్పేవాడు. మా అత్తకు జోస్యం మీద నమ్మకం లేదు. అయినా పక్క గల్లీలో అమ్మడానికి ఒక కోడిపెట్టను చంకన పెట్టుకుని వెళుతూ, దారిలోనే కదా అని ఆగింది.

పంతులు ఆమెను చూడగానే తలపాగా ఇంకొంచెం కిందికి లాక్కున్నాడు. ఎండ అనుకున్నాను. గొంతు మార్చి, ముక్కుతో, "పడమటి ముఖం ఇల్లు... చెరువు కింద పొలం... పోయిన మనిషి బాధ..." అని మొదలుపెట్టాడు. మా అత్త ముఖంలో కోపం కాస్త సడలి, ఆశ కనిపించింది. నాకు గర్వంగా ఉంది. అంతలో కోడి చంకలోంచి జారి, పటాలు చిందరవందర చేస్తూ అరుగు మీద పరుగెత్తింది.

పంతులు చెయ్యి మెరుపులా కదిలింది. రెక్కల మొదట్లో ఒడిసిపట్టి, తల్లకిందులుగా తిప్పి, రొమ్ము ఎముక మీద బొటనవేలు నొక్కి చూశాడు. తోక కింద ఈకలు విడేలా ఉఫ్‌మని ఊది కొవ్వు చూశాడు. చూసి, తల ఊపి, కోడిని తన చంకలో పెట్టుకున్నాడు. ఇదంతా రెప్పపాటులో, మనసు ఎక్కడో ఉండగా, చేతులే చేసినట్టు జరిగిపోయింది. ఇంకొకరి కోడిని అంత హక్కుగా చంకన పెట్టుకునే మనుషులు ఆ రోజుల్లో ఒకే చోట ఉండేవాళ్ళు.

మా అత్త అతన్ని చాలాసేపు చూసింది.

"దొర బిడ్డ పెండ్లికి కోళ్ళు కావాలని మా వాకిట్లకొచ్చి గిట్లనే ఊదినవ్ గదరా," అంది.

"ఎవరనుకుంటున్నవో తల్లీ, నేను ఆలంపూర్ల..."

"ఆలంపూర్ల తపస్సు జేస్తే కోడి ముడ్డి సూసుడు నేర్పుతరా?"

పంతులు విభూతి కింద ముఖం కూడా విభూతి రంగుకు వచ్చింది. కోడిని మెల్లగా కింద పెట్టాడు. ముక్కు గొంతు పోయి అసలు గొంతు వచ్చింది. "గట్టిగనకు తల్లీ, నీ కాళ్ళు మొక్కుత. గీ గల్లీల అందరు మన దిక్కోళ్ళే. నేనెవలో తెలిస్తే నా బొక్కలిరగ్గొడ్తరు."

ప్రమాణం చేసిన గడీ నౌకరు ఇతనేనని నాకు అప్పుడు అర్థమైంది. మా దిక్కు ఊళ్ళల్లో వెట్టికి పిలవడానికి ఇల్లిల్లూ తిరిగిన మనిషికి, ఏ ఇల్లు ఏ ముఖమో, ఎవరికి ఎవరితో తగాదానో తెలియకపోతే కదా ఆశ్చర్యం! నా భక్తి అంతా ఒక్క దెబ్బకు పోయింది. ఆలోచిస్తే, చిలక సొంతంగా చెప్పింది మా అత్త కోపం సంగతి ఒక్కటే.

"నాగలి రాయి యాడ పూడ్సినవ్?" అని అడిగింది అత్త.

"మతిల ఉన్నది తల్లీ."

"వచ్చి గిర్దావర్ ముంగట సూపియ్యి."

"ఊర్లకొస్తే నన్ను సంపుతరు!"

"రాకుంటే గీడనే నేను సంపుత. జర సోంచాయించుకో."

అతను జర సోంచాయించి ఒక ఉపాయం చెప్పాడు. తాను ఊరికి చిలక పంతులుగానే వస్తాడు. రాయి జాడ చిలకే చూపినట్టు చేస్తాడు. రాయి బయటపడగానే బోను సర్దుకుని వెళ్ళిపోతాడు. మా అత్తకు ఈ నాటకం నచ్చలేదు గానీ, ఆమెకు కావలసింది రాయి. మా ఆయన మిల్లులో సెలవు దొరకదని తప్పించుకున్నాడు. అందుకని బస్సులోనూ, ఆ తర్వాత కచ్చడం ఎడ్లబండిలోనూ చిలక బోను నా ఒళ్ళోనే ప్రయాణం చేసింది. దారి పొడవునా అది నా గాజులు కొరికింది.

ఊళ్ళో పంతులును ఎవరూ ఆనవాలు పట్టలేదు. పైగా ఆడవాళ్ళు చేతులు చాపి చుట్టూ మూగారు. ఒకామె మిలిటరీ వాళ్ళు పట్టుకుపోయిన పెనిమిటి క్యాంపు నుంచి ఎప్పుడు వస్తాడని అడిగింది, ఇంకొకామె బర్రె ఎందుకు పాలివ్వదని అడిగింది. అతను బిగుసుకుపోయి జవాబులు చెబుతుంటే, మా అత్త వెనుక నిలబడి, "కోళ్ళ దిక్కు సూడకు, కోళ్ళ దిక్కు సూడకు" అని పళ్ళ మధ్య నుంచి గొణుగుతూనే ఉంది.

పొలం దగ్గర గిర్దావర్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. జనం గట్ల మీద నిలబడ్డారు. పంతులు మంత్రాలు చదివి చిలకను వదిలాడు. అది నడిచి వెళ్ళి ఎక్కడ ముక్కుతో పొడిస్తే అక్కడ తవ్వాలి. చిలక నాలుగడుగులు వేసి, కోతకొచ్చిన వరి కంకి ఒకటి లాగి తినడం మొదలుపెట్టింది. పంతులు ఎంత అదిలించినా ఇంకో కంకి అందుకుందే తప్ప కదలలేదు. అత్తరు దుకాణం అరుగు మీద దానికి ఇంత భాగ్యం ఎప్పుడూ దొరకలేదు పాపం.

"ఇదేం తమాషా అమ్మా?" అని గిర్దావర్ లేవబోయాడు.

అప్పుడే దొర వచ్చాడు. తెల్ల టోపీ, తెల్ల బట్టలు, వెనకాల గొడుగు పట్టిన మనిషి. ఒకప్పుడైతే ఊరంతా చెప్పులు చేతబట్టుకుని వంగేది. సంఘం వచ్చాక ఆ అలవాటు తప్పిపోయింది. ఎవరి చోట వాళ్ళు, ఎలా ఉన్నవాళ్ళు అలాగే నిలబడ్డారు.

ఒక్క చిలక పంతులు తప్ప. చెప్పులు కాళ్ళలోంచి వాటంతట అవే ఊడాయి. భుజం మీది కండువా నడుముకు జారింది. గడ్డం మోకాళ్ళకు తగిలేలా వంగి, "బాంచెన్ దొరా, కాల్మొక్కుత," అన్నాడు. తలపాగా జారి బురదలో పడింది.

గట్ల మీద నుంచి ఎవరో, "అరే, గడీలోడు రా వీడు!" అన్నారు. కర్రలు లేచాయి. నాకు అతని ప్రాణం పోతుందేమోనన్న భయం ఒకటైతే, రాయి జాడ కూడా అతనితోనే పోతుందన్న భయం ఒకటి.

మా అత్త వెళ్ళి అడ్డంగా నిలబడింది. "ముందుగాల రాయి," అంది. "అటెన్క మీ ఇష్టం."

దొర కూడా అతన్ని గుర్తుపట్టాడు. ఆయన కళ్ళు చూస్తే తెలిసిపోయింది. కానీ ముఖం పక్కకు తిప్పుకుని, "ఎవడు వీడు? నేనెన్నడు సూడలే. ఎల్లగొట్టుండ్రి," అన్నాడు.

వంగి ఉన్న మనిషి తల ఎత్తాడు. కర్రలకు కూడా అంత బెదరలేదు గానీ, ఆ మాటకు అతని ముఖం చిన్నపిల్లవాడిలా అయిపోయింది.

"నన్ను గుర్తువట్టలేదా దొరా?" అన్నాడు. "మీ కోసం నేను దేవుని మీద ప్రమాణం జేసిన. నేనెర్కలేదా?"

దొర గొడుగు మనిషికి సైగ చేసి వెనక్కి తిరిగాడు. అతను మెల్లగా నడుము నిలబెట్టాడు. చెప్పులు తొడుక్కున్నాడు. పక్కనున్న మనిషి చేతిలోంచి పార తీసుకుని, ఒకసారి చెరువు తూము వైపు, ఒకసారి తాటిచెట్టు వైపు చూసి, వరిలోకి దిగి నేరుగా ఒక చోటికి నడిచాడు. చిలక వంక కూడా చూడకుండా తవ్వడం మొదలుపెట్టాడు. అడుగున రాయికి పార తగిలిన చప్పుడు గట్టు మీదున్న మాకందరికీ వినిపించింది.

నలుగురు పట్టి పైకి లాగారు. కాలువ నీళ్ళు చల్లితే బురద కారిపోయి నాగలి కనిపించింది. మేడి, కర్రు, అన్నీ. గిర్దావర్ వంగి వేలితో తడిమి చూసి, పాత హద్దే ఖాయమన్నాడు. దొర గొడుగు అప్పటికే చెరువు కట్ట ఎక్కుతోంది.

"ఇప్పుడు జెప్పు," అంది మా అత్త.

"నాగలి ఉన్నది," అన్నాడతను. "లేదని నేను అబద్ధం ఆడిన. నీ పెనిమిటి నిజమే జెప్పిండు."

"గట్టిగ జెప్పు. ఇండ్లల్ల ఉన్నోళ్ళకు సుత ఇనబడాలె."

అతను చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, ఒకప్పుడు ఊరిని వెట్టికి పిలిచిన గొంతుతో అరిచాడు. "ఆయిన నిజమే జెప్పిండు! అబద్ధం ఆడింది నేను!" ఆ కేకకు అలవాటుకొద్దీ ఒకరిద్దరు ముసలివాళ్ళు ఉలిక్కిపడ్డారు.

ఇక కొడతారనే అనుకున్నాను. కర్ర పట్టుకున్న మనిషి దగ్గరికి వచ్చి, అతని రెక్క పట్టుకుని, "మా రాయి యాడ పూడ్సినవ్ రా?" అన్నాడు. వెంటనే ఇంకొకడు రెండో రెక్క పట్టుకున్నాడు. "నాది ముందుగాల సూపియ్యాలె" అంటే "నాది ముందుగాల" అని వాళ్ళలో వాళ్ళే తోసుకున్నారు. అందరి రాళ్ళూ అతనొక్కడి బుర్రలోనే ఉన్నాయి. ఆ బుర్ర పగలగొట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అరుచుకుంటూ, తిట్టుకుంటూ అతన్ని గట్ల వెంట తీసుకుపోయారు. గిర్దావర్ కుర్చీ వాళ్ళ వెనకాలే పోయింది.

పొలంలో మా అత్తా నేనూ మిగిలాము. ఆమె రాయి పక్కన బురదలోనే కూర్చుని, కొంగుతో నాగలి గీతల్లోని మట్టి తుడుస్తోంది. కోపం లేకుండా ఆమె ముఖం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. ఎవరి ముఖమో అనిపించి నాకు ఏడుపొచ్చింది.

"ఇన్నవా?" అంది.

"ఇన్న అత్తా," అన్నాను.

ఆమె తల తిప్పలేదు.

"నిన్ను గాదు పిల్లా," అంది.