బాయిలోకి దిగిన ఆటీను రాజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పత్తాలు ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి. అది మా అమ్మ ఆజ్ఞ. పేకముక్క గడప లోపలికి వస్తే లక్ష్మి గడప దాటి బయటికి పోతుందని ఆమె నమ్మకం. అలాంటి ఇంట్లో పుట్టి, పదకొండేళ్ళకే పత్తాల కట్టను విసనకర్రలా విప్పడం నేర్చానంటే ఆ పుణ్యమంతా మా పక్క క్వార్టర్ కాకదే. పుణ్యం కాదు పాపం అనేది మా అమ్మ.

గోదావరిఖనిలో మాది బొగ్గుబాయి కార్మికుల కాలనీ. గనిని మేము బాయి అంటాం. మా బాపు బాయిలోకి దిగేవాడు. కాక దిగేవాడు కాదు, పైన ల్యాంపు రూములో ఆయనకు పని. షిఫ్టుకు దిగే ప్రతి మనిషికీ తలదీపం ఇవ్వాలి, పైకి వచ్చాక తీసుకుని దాని కొక్కేనికి పెట్టాలి. ఒక కొక్కెం ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడన్నమాట. షిఫ్టు అయిపోయినా కాక ఇల్లు చేరకపోతే ఆయన భార్య, మా చిన్నమ్మ, అన్నం మీద మూత పెట్టి, "ఇయ్యాల ఎవ్వలి దీపం రాలేదో! అది అచ్చేదాక గీయన లేవడు" అని గొణుక్కునేది. రోజూ వినే మాటే కాబట్టి నేను పట్టించుకునేదాన్ని కాదు.

నాకు కావలసింది కాక చేతులు. ఆ చేతుల్లో పడితే పత్తాలు మాట వినేవి. ముక్క అడుగు నుంచి పైకి వచ్చేది, నా చెవి వెనక నుంచి ఊడిపడేది, ఎర్రది నల్లదయ్యేది. ఈ విద్య ఎక్కడ నేర్చావు కాకా అంటే ఒకసారి కాసిపేట అనేవాడు, ఇంకోసారి కొత్తగూడెం అనేవాడు. రెండూ అబద్ధాలేనని చిన్నమ్మ అనేది. ఆ వేసవి సెలవులన్నీ నేను వాళ్ళ వరండాలోనే ఉన్నాను. వద్దు పొమ్మన్నా పోలేదు. చివరికి విసుగుపుట్టి నేర్పాడు.

ఏటా పంద్రాగస్టు రోజు మా కమ్యూనిటీ హాల్లో బాలబడి పిల్లలకు కాక పత్తాల గారడీ చూపించేవాడు. ఆ ఏడు అడగడానికి వచ్చినవాళ్ళతో, "ఈపాలి మా పోరి చేస్తది" అన్నాడు. మా పోరి అంటే నేనే! ఇక నా కాళ్ళు నేల మీద నిలవలేదు. బడిలో చెప్పాను, నల్లా దగ్గర చెప్పాను, కూరగాయల అవ్వకు కూడా చెప్పాను. దేశం పండుగ కదా అని మా అమ్మ సైతం ఒప్పుకుంది. ఆట అయిపోగానే చేతులు కడుక్కోవాలని షరతు పెట్టిందనుకోండి.

"మూడు ఆటలు ఏరుకో. సూసేటోళ్ళు నాలుగైదేండ్ల పొల్లగాండ్లు, యాదుంచుకో" అన్నాడు కాక. నేను మొదటి మాటే విన్నాను. నాకు వచ్చిన వాటిలో అతి కష్టమైనవి ఏరాను. ఇరవై ఒక్క ముక్కలను మూడు వరసలు పేర్చి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ పేర్చి, మనసులో అనుకున్న ముక్కను చెప్పే ఆట ఒకటి. అంకెలు కూడి చెప్పేది ఇంకొకటి. మూడోది నా ప్రాణం. ఆటీను రాజును దస్తీ గుడ్డ కింద పెట్టి మాయం చేయడం! రాజును కట్ట మధ్యలోకి తోసి పైకి రప్పించే ఆట కూడా వచ్చు గానీ, అది మొదటి వారంలోనే చేతికొచ్చేసింది. అంత తేలికైనది చూపిస్తే మన గొప్పేముంటుంది?

కాక వద్దనలేదు. పండుగకు ముందురోజు పొద్దున, "ముందుగాల వరండల ఆడి సూడు" అని మా క్వార్టర్ల లైనులో పిల్లలను అయిదుగురిని పిలిచి కూర్చోబెట్టాడు. తాను డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఇక చూడండి నా అవస్థ. ఒక ముక్కను మనసులో అనుకోండిరా, ఎవరికీ చెప్పకండిరా అన్నాను. "గీ గడ్డం తాత!" అని వేలు పెట్టి చూపించాడు ఒకడు. వాళ్ళకు రాజు తెలియదు, ఇస్పేటు తెలియదు, అంకెలు పది దాకా కూడా రావు. రెండోసారి ముక్కలు పేర్చేసరికి ఒకడు నిద్రకు తూగుతున్నాడు. మూడోసారికి డైమను ఏడు కనబడదు. వెతికితే ఒకడి నోట్లో ఉంది, సగం తడిసి. కూడికల ఆట సంగతి చెప్పనే చెప్పను, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పుడు రాజును తీశాను. పిల్లల కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. బొమ్మ ఉంది కదా! కిరీటం, గడ్డం, ఎర్ర అంగీ. దస్తీ కప్పాను, ఊదాను, దులిపాను. రాజు లేడు! నోళ్ళు తెరుచుకున్నాయి. నేను గర్వంతో వంగి దండం కూడా పెట్టాను. కానీ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ దస్తీ వైపే చూస్తూ కూర్చున్నారు.

వాళ్ళలో మా లైను చివరి క్వార్టర్ చిన్నది ఒకతి ఉంది. నాలుగేళ్ళ పిల్ల. పది రోజుల కింద వాళ్ళ బాపు డ్యూటీకని వెళ్ళాడు. అక్కడే విపరీతమైన కడుపునొప్పి వస్తే దవాఖానకు, అక్కడి నుంచి ఆపరేషన్‌కు హైదరాబాదుకు తీసుకెళ్ళారు. పెద్దవాళ్ళకు ఇవన్నీ తెలుసు. ఆ పిల్లకు తెలిసింది ఒక్కటే, బాపు బాయికి పోయాడు, రాలేదు. షిఫ్టు అయిపోయిందని సైరన్ మోగినప్పుడల్లా గుమ్మం ముందు నిలబడేది. అందరి బాపులూ వచ్చేవారు, ఆమె బాపు తప్ప.

ఆ పిల్ల నా దస్తీని తాకి, "రాజు డ్యూటీకి పోయిండా? ఎప్పుడొస్తడు?" అని అడిగింది. చప్పట్లు రాలేదన్న ఉక్రోషం నాకు. నా విద్యను ఇంకొంచెం పెద్దది చేసి చూపించాలన్న కక్కుర్తి కూడా. "ఇగ రాడు! నేను మాయం చేసిన!" అన్నాను చేతులు దులుపుకుంటూ. ఆ పిల్ల ఏడవలేదు. లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

సాయంత్రం వాళ్ళ అమ్మ వచ్చి మా అమ్మతో మాట్లాడుతుంటే తలుపు వెనక నుంచి విన్నాను. పొద్దటి నుంచి పిల్ల ముద్ద ముట్టలేదట. "రాజు ఇగ రాడంట, బాపు గూడ రాడా అని ఒక్కటే తీరుగ అడుగుతున్నదక్కా. నేనేం జెప్పాలె?" అంది ఆమె. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది. మా అమ్మ నా వైపు చూసిన చూపు ఉంది చూశారూ, చేతులు కడుక్కుంటే పోయేది కాదు అది.

పత్తాల కట్ట పట్టుకుని కాక వాళ్ళింటికి పరిగెత్తాను. ఆయన ఇంకా రాలేదు. ఎవరిదో దీపం ఆలస్యమైందట. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కాక వచ్చాక కట్టను ఆయన ఒడిలో పడేసి, నేను చేయను, ఈ పత్తాలు నాకొద్దు అన్నాను. జరిగిందంతా వెక్కుతూ చెప్పాను. ఆయన కోప్పడలేదు. చెప్పులు విప్పి నా పక్కనే కూర్చున్నాడు.

"దీపం ఇచ్చుడు ఎవ్వలైన ఇస్తరు బిడ్డా. అది మల్ల అచ్చేదాక కూసునుడే నా పని. నువ్వు రాజును కిందికి తోలినవ్, సంబురపడి దండం పెట్టినవ్. ఆయన కిందనే ఉండె. గీ కాలనీ పిల్లలు చప్పట్లు ఎట్ల గొడ్తరు?"

కట్టను మళ్ళీ నా చేతిలో పెట్టాడు. "నీకు గొప్పగ కనవడేది గాదు, వాళ్ళకు తెలిసిందాన్ని ఏరుకో" అన్నాడు. అంతే. ఏది ఏరుకోవాలో చెప్పలేదు. చెప్పే పని కూడా లేదు, అప్పటికే నాకు తట్టింది.

మర్నాడు జెండా పండుగ అయింది, చాక్లెట్లు పంచారు, హాలు నిండింది. చివరి క్వార్టర్ చిన్నది వాళ్ళ అమ్మ కొంగు పట్టుకుని మూలన నిలబడి ఉంది. నేను ఆటీను రాజును పైకెత్తి, "గీయన మన కాలనీ రాజు. పొద్దటి షిఫ్టు. డ్యూటీకి పోతున్నడు, ఏమనాలె?" అన్నాను. "పోయి రా!" అని హాలంతా అరిచింది. మా ఇళ్ళలో పోతున్నాను అనరు, పోయొస్తాను అంటారు. పోయి రా అనడం ఆ పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. కట్ట బాయి అని చెప్పి రాజును నడిమధ్యకు మెల్లగా దించాను. ముందు వరసలో ఒకడు టాటా కూడా చెప్పాడు!

"షిఫ్టు అయిపోయింది. సైరన్ ఎవ్వలు కొడ్తరు?" అన్నానో లేదో, ఊఁ... అని మొదలుపెట్టారు చూడండి! కిటికీ రెక్కలు అదిరాయి. పైముక్క తీయమని ఒకణ్ణి పిలిచాను. నల్ల ఏడు వచ్చింది. అది నేను కావాలని చేసిందే. అయ్యో, సైరన్ వినబడలేదేమో అన్నాను. అబ్బ, ఆ రెండో సైరన్! మెడ నరాలు ఉబ్బేలా కొట్టారు. మూలనున్న ఆ పిల్ల కూడా నోరు సున్నాలా చుట్టి కొట్టింది. అప్పుడు ఆమెనే పిలిచాను. వస్తుందో రాదో అనుకుంటూనే కట్టను ఆమె వైపు చాపాను. కొంగు వదిలి వచ్చింది. రెండు వేళ్ళతో పైముక్కను తిప్పింది.

"అచ్చిండు!" అని అరిచింది. "రాజు అచ్చిండు!"

ఇక హాలుకు పట్టపగ్గాలు లేవు. మళ్ళీ, మళ్ళీ అని మీద పడ్డారు. రాజును ఎన్నిసార్లు బాయిలోకి దించానో, ఎన్నిసార్లు పైకి తెచ్చానో నాకే గుర్తులేదు. మిగతా ఆటలు ఎవరికి కావాలి! మా అమ్మ కూడా చివరి వరసలో నిలబడి సైరన్ కొట్టింది. కొట్టలేదని చచ్చేదాకా బుకాయించింది కానీ, నేను కళ్ళారా చూశాను.

అంతా సద్దుమణిగాక ఆ పిల్ల ముక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చి, మరి మా బాపు అని అడిగింది. రేపే వస్తాడని నా నాలుక చివరి దాకా వచ్చింది. కాక తల అడ్డంగా ఊపాడు. ఆయనే కిందికి వంగి, "నీ బాపు సంగతి డాక్టర్లకు తెలుసు బిడ్డా, నేను అబద్ధం జెప్ప. నువ్వు బువ్వ దిని, ఆయన కొరకు సూస్తనే ఉండు. నేను గూడ సూస్త" అన్నాడు. ఆ రోజు వాళ్ళింట్లో ఆ పిల్ల అన్నం తింది. ఆ మాట వినేదాకా నేనూ తినలేదు.

ఇరవై రోజులు గడిచాయేమో. ఒక మధ్యాహ్నం, ఏ షిఫ్టూ విడవని వేళ, మా లైనులో సన్నగా ఊఁ... అని సైరన్ వినబడింది. ఆడవాళ్ళందరూ గుమ్మాల్లోకి వచ్చారు. ఆ పిల్ల చేతులు చాచి రోడ్డు మీద పరిగెడుతోంది, గొంతు చించుకుని సైరన్ కొడుతోంది. రిక్షాలోంచి వాళ్ళ బాపు కడుపు పట్టుకుని మెల్లగా దిగుతున్నాడు. సగానికి సగమయ్యాడు మనిషి, కానీ నవ్వుతున్నాడు. నేను కూడా సైరన్ అందుకున్నాను. లైనంతా అందుకుంది. కాక మాత్రం గోడకు తిరిగి నిలబడి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మొన్న జ్యోతినగర్‌లో మా మనవరాలి పుట్టినరోజుకు కూడా ఈ ఆటే వేశాను. ఆ పిల్లలకు షిఫ్టు సైరన్ ఏం తెలుస్తుంది? అందుకని రాజును బడికి పంపిస్తాను, వాళ్ళు వ్యాను హారన్ కొడితే ఇంటికొస్తాడు. కేకలకు మాత్రం ఏం తేడా లేదు. ఎలా చేస్తావని మా ఆయన నలభై ఏళ్ళుగా అడుగుతున్నాడు, చెప్పలేదు, చెప్పను.

ఆట కాగానే పిల్లలు కేకు మీద పడ్డారు. నేను చాప మీదే కూర్చుని ముక్కలు ఏరుకున్నాను. కళావరు మూడు కనబడలేదు. అన్నం చల్లారిపోతోందని మా కోడలు రెండుసార్లు పిలిచింది. సోఫా కింద చెయ్యి పెట్టి, అది దొరికాకే లేచాను.