అరచేతిలో తెరుచుకోని పుస్తకం

నా భార్య పుస్తకానికి బైండింగు నేనే ఎంచాను. ఆ ఎంపిక తప్పు. ఇన్నేళ్ల డైరీల్లో రాసుకున్న తప్పులు చాలా ఉన్నాయి. తిరిగి తెరవడానికి చెయ్యి రానివి ఆ వానాకాలపు పేజీలే.

అరవైల మొదట్లో నేను తాండూరు తాలూకా కచేరీ రికార్డు గదిలో గుమాస్తాను. ఆమె వికారాబాదు కొండ మీద క్షయ ఆసుపత్రిలో రెండేళ్లుగా మంచం మీద ఉంది. ప్రతి ఆదివారం పొద్దున ప్యాసింజరులో వెళ్లి సాయంత్రం బండికి తిరిగి వచ్చేవాణ్ని. వార్డులో ఆమె తను పుట్టిన దోమ అనే ఊరి సంగతులు పక్క మంచాల వాళ్లకు చెప్పేది. వాళ్లు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంటున్నారని నర్సు కోప్పడితే, చెప్పడం మానేసి రాయడం మొదలుపెట్టింది. ఏడు నోటుపుస్తకాలయ్యాయి. వాటిని నేను సాపు రాసి, హైదరాబాదులో ఒక ప్రెస్సులో అచ్చుకిచ్చాను. రెండు వందల ప్రతులు, నూట డెబ్భై ఆరు పేజీలు.

అచ్చయిన కాగితాలు తాండూరు చేరిన వారమే డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. మందులు పనిచేయడం మానేశాయని, ఇక నెలలు కాదు, వారాలేనని చెప్పాడు. ఆమెకూ తెలుసు. ఒక్కటే అడిగింది: తన పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కసారి చదువుకోవాలి. నేను చదివి వినిపిస్తానన్నాను.

"నువ్వు సదివితే కచేరి కాయిదం లెక్క ఉంటది. నేను రాసింది నేనే సదువుకుంట," అన్నది.

మా రిజిస్టర్లు కట్టే ముసలాయన బజారు వెనక సందులో ఉండేవాడు. కాగితాలన్నీ ఆయన దగ్గర దించాను. ముందు ఒక్క ప్రతి కట్టివ్వమన్నాను. పదహారేసి పేజీల మడతను ఆయన జుజ్ అనేవాడు. మా పుస్తకానికి పదకొండు జుజ్‌లు. ఒక్కొక్క మడతకూ నడుమ సూది పోనిచ్చి, ఒకదానికొకటి కలిపి కుడితే పుస్తకం మెత్తగా పరుచుకుంటుందని ఆయన సలహా. నేను వద్దన్నాను. రిజిస్టరు కుట్టు కావాలన్నాను: కాగితాలన్నీ దొంతిగా పెట్టి, అంచు పక్కన దబ్బనం లాంటి ఆరెతో తూట్లు పొడిచి, దారం బిగించి, పైన దళసరి అట్టలు.

ఆ పట్టుదల ఉద్యోగం నేర్పింది. నలభై ఎనిమిది పోలీసు చర్య తర్వాత కచేరీలో చేరిన కొత్తల్లో నాకు అప్పగించింది చెదిరిపోయిన పాత దస్తావేజుల్ని సర్దే పని. ఒక్క పేజీ ఊడిపోయిన చోట ఒక ఇంటి భూమి ఎవరిదో తేలక ఏళ్లు గడిచేవి. ఊడని పేజీయే నా లెక్కలో మంచి పుస్తకం.

"ఎవరు సదువుతరు సాబ్?" అని ముసలాయన అడిగాడు.

ఎవరైతే ఏమి అన్నాను. క్షయ అన్న మాట తాండూరులో ఎవరి ముందూ అనేవాణ్ని కాదు. తెలిస్తే అద్దె ఇల్లు ఖాళీ చేయమంటారని భయం. పక్కటెముకలు తీసిన ఆపరేషను తర్వాత ఆమె ఎడమ చెయ్యి లేవదని, వెల్లకిలా పడుకుని ఒక్క కుడిచేత్తోనే పట్టుకోవాలని నాకు తెలుసు. తెలిసి కూడా, కుట్టు ఎంచేటప్పుడు ఆ చెయ్యి నాకు గుర్తు రాలేదు.

ఆ ఆదివారం పుస్తకం ఆమె గుండెల మీద పెట్టాను. ఎర్ర గుడ్డ అట్ట, మీద బంగారు అక్షరాలు. మురిసిపోయి తడిమింది. తెరిచింది. బొటనవేలు తీయగానే మూసుకుంది. మళ్లీ తెరిచింది. లోపలి అంచు అక్షరాలు కుట్టులోకి పోయాయి. అట్టల బరువుకు మణికట్టు వణికి, పుస్తకం జారి మెడ మీద పడింది. పక్క మంచం మీది పెద్దేముల్ ఊరి ఆమె వచ్చి రెండు చేతులా తెరిచి పట్టింది. రెండు పేజీలయ్యేసరికి పట్టుకున్న ఆమెకే ఆయాసం వచ్చి కూలబడింది.

నా భార్య నా ముఖం చూసి నవ్వాలని చూసింది. "మస్తు గట్టిగ కుట్టిచ్చినవ్. నేను పోయినంక నన్ను గూడ గిట్లనే కట్టి రికార్డు రూములనే పెట్టు."

సాయంత్రం బండిలో ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని తెరిచి పట్టుకోవడానికి చూశాను. నా రెండు చేతులకూ కష్టమైంది. డైరీలో ఆ రోజు తేదీ తప్ప ఏమీ లేదు.

మర్నాడు కచేరీ తెరవకముందే సందులో ఉన్నాను. ముసలాయనకు అంతా చెప్పాను, జబ్బు పేరుతో సహా. వెనక్కి జరుగుతాడనుకున్నాను. జరగలేదు.

"మొదలే చెప్పొద్దా సాబ్? చెయ్యిని చూసి కుట్టు ఏస్తం గని, పుస్తకాన్ని చూసి ఏస్తమా?"

మడతల నడుమ కుట్టి ఇవాళే ఇవ్వమన్నాను. కుట్టడం ఒక పూట పని, కానీ వీపుకు జిగురు పెట్టి మరలో బిగించాలి, ఈ ముసురులో ఆరడానికి నాలుగైదు రోజులన్నాడు. ఆరకుండానే ఇవ్వమని బతిమాలాను. పేజీలు మెలికపడి అంటుకుంటాయి, అప్పుడు అసలు చదవడానికే వీలుండదన్నాడు. అక్కడే నేల మీద కూర్చున్నాను. ఆయన ఎడమచేతికి జిగురు ఉంది. కుడిచేత్తో ఒక జుజ్‌ను ఎత్తి, బొటనవేలితో పేజీల అంకెలు చూస్తున్నాడు. ఒక్క చేత్తో. అది ఆ చేతిలో ఉత్తరంలా వంగింది.

అవే ఇవ్వమన్నాను, విడివిడిగా. ఆయన పదకొండింటికీ నడుమ ఒక్కొక్క దారపు ముడి వేసి ఇచ్చాడు. జిగురు లేదు, అట్ట లేదు. మడత అంచులు మాత్రం కోయాల్సి ఉంది. ఒకటి చదవడం అయ్యాకే ఇంకొకటి కోయమన్నాడు, కోసిన అంచు తొందరగా నలుగుతుందని.

సెలవు పెట్టి రోజూ వెళ్లాను. మంచం పక్క స్టూలు మీద కూర్చుని చిన్న చాకుతో ఆ రోజు జుజ్ అంచులు కోసేవాణ్ని. ఆమె దాన్ని గుండె మీద నిలబెట్టి, ఒక్క చేత్తో పేజీ తిప్పుకునేది. మొదట్లో రోజుకొకటి. నాలుగోది రెండు రోజులు పట్టింది, ఆరోది మూడు. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకుంటూ ఆమె ఊపిరి వినేవాణ్ని. తొందరగా చదువు అనలేను. మెల్లగా చదువు అనలేను.

ఏడోది కోసిన సాయంత్రం అడిగింది: "ఇంకెన్ని ఉన్నయ్?"

"నాలుగు."

"పొద్దున జర జల్ది రా."

మర్నాడు బండి తాండూరులోనే గంట ఆలస్యంగా బయలుదేరింది. చాకు జేబులో ఉంది. నేను వార్డుకు వెళ్లేసరికి పరుపు మడిచి ఉంది. పెద్దేముల్ ఆమె ఏడు జుజ్‌లూ, కోయని నాలుగూ దొంతిగా పేర్చి నా చేతికిచ్చింది.

తక్కిన ప్రతులన్నీ ముసలాయన చెప్పిన కుట్టుతోనే కట్టించి పంచాను. ఆమె ప్రతిని కూడా కడతానని ఆయన రెండుసార్లు కబురు చేశాడు. ఇవ్వలేదు. ఏడో దాంట్లో నూట మూడో పేజీ దగ్గర ఆమె పెట్టుకున్న దారం ముక్క ఉంది. ఎనిమిది నుంచి పదకొండు దాకా అంచులు ఇప్పటికీ కోయలేదు.