పనస పలక వేసిన ఓక్ పీపా: మదనపల్లె నుంచి కుప్పం దాకా

ఎనభైల మొదట్లో, ఒక ఆగస్టు నెలలో ఈ ప్రయాణం చేశాను. కుప్పం దగ్గర చిన్న చర్చిలో ఉండే ఇటలీ పెద్దాయన ఫాదర్ బెర్నార్దో నుంచి ఉత్తరం వచ్చింది. "పీపా తెరుస్తున్నాను. నువ్వూ ఖాదర్ సాహెబూ రండి." చిన్నప్పుడు నాకు ఇంగ్లిషు నేర్పింది ఆయనే. ఇటలీలో వాళ్ల కుటుంబానిది ఒక కొండవాలు ద్రాక్షతోట. ఎర్ర వైన్‌ను ఓక్ చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి నిలవబెట్టే వైనరీ వాళ్లది. అన్న పోయాక అంతా అమ్మేశారు. మిగిలిన ఒక్క ఖాళీ పీపాను వదిన ఓడలో పంపింది. వచ్చేదారిలో దాని పలక ఒకటి పగిలింది. ఇక్కడ ఓక్ దొరకదు కాబట్టి, పుంగనూరు వడ్రంగి ఖాదర్ సాహెబుతో పనస పలక వేయించమని సలహా ఇచ్చింది నేనే. చర్చి వెనక పెంచిన ద్రాక్షతో ఫాదర్ అందులో వైన్ పోసి రెండేళ్లయింది.

పొద్దున ఆరింటికి మదనపల్లెలో బస్సెక్కాను. పుంగనూరులో ఖాదర్ సాహెబు ఇస్త్రీ చొక్కాతో ఎక్కి నా పక్కన కూర్చున్నారు. "నేను తాగను గదా సారూ. ఆయప్ప తాగతాంటే మొగం సూడాలని వస్తాండాను" అన్నారు. పలమనేరులో బస్సు మారడానికి గంట ఆగాం, ఇడ్లీ తిన్నాం. టికెట్లకు ఇద్దరికీ కలిపి పాతిక రూపాయలు కూడా కాలేదు. మధ్యాహ్నానికి కుప్పం చేరి, చర్చికి జట్కా మాట్లాడుకున్నాం.

"సామి శానా చిక్కిపోయుండాడప్పా. అన్నం గూడా సరిగా తినడంల్యా" అన్నాడు జట్కా అతను.

ఫాదర్ గోడ పట్టుకుని మమ్మల్ని నేలమాళిగలోకి తీసుకెళ్లారు. పీపా మూత తీయగానే ఖాదర్ సాహెబు ముఖం మారిపోయింది. నాకు అర్థం కావడానికి ఇంకో క్షణం పట్టింది. పుల్లటి ఘాటు, వైన్ వెనిగర్ అయిపోయింది. ఫాదర్ గ్లాసులోకి కొంచెం తీసి, నాలుక మీద పెట్టుకుని, గ్లాసు కింద పెట్టేశారు.

ఖాదర్ సాహెబు పీపా పైభాగాన్ని వేలితో తడిమారు. పనస పలక ఎండి కుంచించుకుపోయి, పక్క పలకకూ దానికీ మధ్య వెంట్రుకంత సందు ఏర్పడింది. గాలి లోపలికి చొరబడింది అందులోంచే.

"నా పలకే సామీ" అన్నారాయన.

"ఆ చెక్క తప్పు కాదు, నీ తప్పూ కాదు."

"ఇంగొక తూరి సేద్దాం. ఈసారి నేను బాగా సూసి వేస్తా."

"నాకు ఎనభై రెండు, ఖాదరప్పా. దీనికి రెండేళ్లు కావాల" అన్నారు ఫాదర్. గ్లాసును పక్కకు జరిపి, "మా నాయన చేసినట్టాంటిది ఒక్క తూరి తాగి పోవాలనుకున్నా" అన్నారు.

పనస సలహా నాది కాబట్టి తప్పూ నాదేనని చెప్పాలనుకున్నాను. దానికి బదులు మూత తీసి మళ్లీ పీపా మీద పెట్టాను. తిరుగు బస్సులో ఖాదర్ సాహెబు వేరే సీట్లో కూర్చున్నారు. పుంగనూరులో నా వైపు చూడకుండానే దిగిపోయారు. ఆ క్రిస్మస్‌కు ముందే ఫాదర్ పోయారు.

చాలా ఏళ్ల తర్వాత బెంగళూరులో, ఓక్ పీపాలో నిలవబెట్టిన ఇటలీ ఎర్ర వైన్ ఒక సీసా కొన్నాను. తాగాను. బాగుందో లేదో తేల్చుకోలేకపోయాను. ఆయన నాన్న చేసింది ఇలాగే ఉండేదా అని అడగడానికి మనిషి లేడు. సగం సీసా పారబోశాను. కుప్పం వెళ్లేవారికి ఒక మాట: మదనపల్లె నుంచి బస్సుల్లో వెళ్తే పలమనేరులో మారడానికి గంట చేతిలో ఉంచుకోండి, బెంగళూరు నుంచైతే రైలు సులువు. చర్చి వెనక ద్రాక్షతోట మాత్రం వెతకొద్దు. పోయినేడు నేను అడిగితే, చర్చి వీధిలో ఒక్కరికీ ఫాదర్ పేరు తెలియలేదు.