అధ్యక్షుడి సంతకం

విజయవాడకు ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజులవి. వన్ టౌన్‌లోని దంతవైద్యుల సంఘం ఆఫీసులో వెబ్‌సైట్ పని నాది. అధ్యక్షుడి సంతకం లేనిదే ఏ ప్రకటనా అందులో పెట్టకూడదు, పెట్టింది తీయకూడదు. ఒకసారి ప్రకటనలో తప్పు పడిన తేదీని నా అంతట నేను సరిచేస్తే, "దిద్దడానికి నువ్వెవరమ్మా?" అని ఆయన అందరి ముందూ నన్ను ఏడిపించాడు.

సంఘం ఎన్నికల రోజు పొద్దున, 'నన్ను మళ్లీ గెలిపించిన సభ్యులకు కృతజ్ఞతలు' అన్న ప్రకటన మీద సంతకం పెట్టిచ్చి, "ఐదింటికల్లా సైట్‌లో ఉండాలి" అన్నాడు. నాలుగింటికి ఓడిపోయాడు. ఐదింటికి నేను పెట్టేశాను.

ఫోన్‌లో ఒకటే కేకలు. "తీసెయ్యమ్మా, పరువు పోతోంది!"

"అధ్యక్షుడి సంతకం కావాలి కదండీ" అన్నాను.

కొత్త అధ్యక్షురాలిని అడిగితే, "ఓ వారం ఉండనివ్వమ్మా" అని నవ్వారు.

అలా చేసి ఉండాల్సింది కాదని మావారు ఇప్పటికీ అంటారు. ఆ పేజీ ప్రింటవుట్ మాత్రం నా బీరువాలో, పెళ్లిచీర మడతల్లో భద్రంగా ఉంది.