బోధన్‌లో రెండు బావులు, అవ్వ చేసిన నీళ్ల పరీక్ష

బోధన్‌కు నేను కొత్త చక్కెర కార్ఖానా చూద్దామని బయల్దేరలేదు. మా బావకు అక్కడ చెరుకు బండి తోలే పని కుదిరింది. అద్దెకు రెండిళ్లు చూసి పెట్టుకున్నాడు. అక్క మాత్రం నీళ్లు చూడందే సంసారం కదిలించనంది. వాళ్లుండే ఊళ్లో ఉప్పునీళ్లు పడక, నాలుగేళ్ల కూతురు రాజవ్వకు ఎంతకాలంగానో కడుపు నిలవడం లేదు. పిల్ల చిక్కి సగమైంది. బావ తల్లిని మేమందరం అవ్వ అనే పిలుస్తాం. నీళ్ల సంగతి తనకు వదిలేయమంది అవ్వ. నాకు సెలవులు, నేనూ వెంట బయల్దేరాను.

పొద్దున అక్కాబావలు, రాజవ్వ, అవ్వ, నేను నిజామాబాదులో మోటారు బస్సెక్కాం. మనిషికి ఆరణాలు. డ్రైవరు అవ్వ కందిపప్పు మూటకూ అడగబోయి, ఆమె చూపు చూసి ఊరుకున్నాడు. గంటన్నర దారి. కుడివైపు కూర్చుంటే ఎండ తగలదు. దారిలో రెండు బావులు దాటినా ఆపనివాడు కాలువ దగ్గర ఆపి ఇంజనులో నీళ్లు పోశాడు. ఎందుకని అడిగితే, “బాయినీళ్లు పోస్తే లోపట సున్నం కడుతది” అన్నాడు. అవ్వకు ఆ మాట ఎంత నచ్చిందో, మిగతా దారంతా అతణ్ని బిడ్డా అనే పిలిచింది.

మొదటి ఇల్లు కార్ఖానా బాట మీదనే ఉంది, బావి వాకిట్లోనే. బావ మనసంతా దానిమీదే. రెండోది పొలాల అవతల, బావికి బాగా నడవాలి. అవ్వ తొందరపడలేదు. ముందు వాకిట్లో బావి నీళ్లు దోసిట్లో పట్టి వాసన చూసింది, పుక్కిలించి ఉమ్మింది, కుంకుడుకాయ నలిపి నురగ చూసింది. నురగ అంతంతమాత్రం. అయినా ఆమెకు అసలు పరీక్ష పప్పే. మంచినీళ్లలో పప్పు మెత్తగా ఉడుకుతుంది, ఉప్పునీళ్లలో ఎంత మంట పెట్టినా పలుకుగానే ఉంటుంది. పక్కింట్లో ఇత్తడి గిన్నె అడిగి తెచ్చింది. పరాయి గిన్నె కదా, అవ్వ శుభ్రం మాకందరికీ తెలిసిందే, చాకలివాళ్లు బట్టలకు వాడే తెల్ల సౌడుమన్నుతో మూడుసార్లు రుద్దింది. ఒక్క చెంబు నీళ్లతో కడిగి, ఆ బావి నీళ్లతోనే పప్పు పొయ్యిమీద పెట్టింది. చూస్తుండగానే పప్పు వెన్నలా కరిగింది. ఇంకేం, బావ ఇంటాయనకు మాటిచ్చి వచ్చాడు. అక్క మొహం వెలిగింది.

అందరం అన్నాలకు కూర్చున్నాం. అవ్వ రెండు ముద్దలు తిని ఆగిపోయింది. వేళ్లు ఒకదానితో ఒకటి రుద్దుకుంటే సౌడు అంటినట్టు జారాయి. లేచి పశువుల తొట్టి దగ్గరికి వెళ్లి, అంచున కట్టిన తెల్లటి సున్నపు పెచ్చును గోటితో గీకింది. కుమ్మరింటి నుంచి కొత్త కుండ తెప్పించి, అవే నీళ్లలో మళ్లీ పప్పు పెట్టింది. కట్టెలన్నీ కాలిపోయినా పప్పు పలుకులాగే మిగిలింది. రెండో బావి నీళ్లు తెప్పించి వేరే పప్పు పెడితే ఇట్టే మెత్తబడింది.

బావకు కోపమొచ్చింది. మాటిచ్చి వెనక్కెట్లా పోతానన్నాడు. మా ఇంట్లో అవ్వ మాటకు తిరుగులేదు, ఆమె తప్పు ఒప్పుకోగా నేనెన్నడూ చూడలేదు. ఆ రోజు చూశాను.

“పప్పును ఉడకబెట్టింది నీళ్లు గాదు కొడుకా, గిన్నెకంటిన సౌడు. గిన్నె సరిగ కడగంది నేనే. మాట నేనే వాపసు తీసుకుంట” అని కొంగు సర్దుకుని ఇంటాయన దగ్గరికి తనే నడిచింది.

కాసేపటికి మాట వాపసు తీసుకుని తిరిగొచ్చింది. బావ చీకటి పడకముందే కావడి భుజాన వేసుకుని పొలాల అవతలి బావికి పోయి వచ్చాడు. “రోజు నేనే తెస్త” అని అక్కతో అన్నాడంతే. నీళ్లను చూసి, వాసన పట్టి, నోట్లో పోసుకుని, వండి తెలుసుకునే ఆ విద్యంటే నాకు మొదటినుంచీ ముచ్చటే. కానీ నాకు నిజంగా గొప్పగా తోచింది ఆ రెండో కుండ. అవ్వకు కావలసిన జవాబు ముందే దొరికింది, ఆమె దాన్ని నమ్మకుండా మళ్లీ అడిగింది. మీరూ కొత్తచోట కాపురం పెట్టబోతుంటే ఇంటినుంచి గుప్పెడు కందిపప్పు పట్టుకెళ్లండి, గిన్నె మాత్రం ఎవరినీ అడగొద్దు. కొత్త కుండ కొనండి. రాజవ్వ ఆ రాత్రి బావ తెచ్చిన నీళ్లతో వండిన పప్పన్నం రెండు గిన్నెలు తిని, తెల్లారేదాకా లేవకుండా నిద్రపోయింది.