కీచు

ఏ బండి వచ్చినా మెకానిక్ బాబాయి ముందుగా కళ్లు మూసుకుని చెవి ఒగ్గుతాడు. ఆపైన పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవికి అదుముకుని, డాక్టరు గుండె చూసినట్టు వింటాడు. ఆ చెవికి దొరకని రోగం లేదు. సొంత కారులో ఇంజిన్ బెల్టు కీచుమంటుంటే మాత్రం చెవిన పెట్టడు. భార్య బతికున్న రోజుల్లో మధ్యాహ్నం ఆయనకు క్యారియర్ తెచ్చిన కారు అది. సందు మలుపులో కీచుమనగానే ఆయన చేతులు తుడుచుకుని, స్టూలు మీది పానాలు తీసి, ఆమెకు చోటు చేసేవాడు. ఇప్పుడా కారు కూతురు నడుపుతోంది. కీచు వినపడితే స్టూలు ఇప్పటికీ ఖాళీ అవుతుంది.

నిన్న కారు చప్పుడు లేకుండా వచ్చి ఆయన వెనకే ఆగింది. ఉలిక్కిపడ్డాడు. "బయట కొత్త బెల్టు వేయించేశా నాన్నా. నీకు తీరికయ్యేదాకా ఆగితే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది," అని నవ్వింది కూతురు. ఆయన నవ్వలేదు. బానెట్ ఎత్తి, ఎవరో చక్కగా బిగించిన బెల్టు బోల్టును కాస్త వదులు చేసి, తాళం తిప్పాడు. కారు కీచుమంది. ఆయన చేతులు తుడుచుకుని, స్టూలు మీది పానాలు ఒక్కొక్కటే తీశాడు. కూతురు క్యారియర్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ స్టూలు మీద కూర్చోలేదు.