వెళ్తానందా, వెళ్ళొస్తానందా

నేను చెప్పేవాటిలో సగం కోతలని జగ్గయ్యపేటలో అందరికీ తెలుసు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగీ ఆగీ విసుగెత్తిన లారీ ఒకటి ఆవులించడం కళ్ళారా చూశానని చెప్పినవాణ్ణి. కాబట్టి ఈ రిసీవర్ సంగతి నమ్మకపోయినా మిమ్మల్నేమీ అనను.

పాత స్పీకర్లు మళ్ళీ గట్టిగా పలకాలంటే మంచి రిసీవర్, అదే ఆంప్లిఫయర్ పెట్టె, కావాలని బయల్దేరాను. ఆ కబురు తెలిసి, చందర్లపాడులో టీచరుగా ఉన్న మా చెల్లెలు పెన్‌డ్రైవ్ పట్టుకుని దిగింది. అందులో మా అమ్మ గొంతు ఉంది. చిన్నప్పుడు నేను టేప్‌రికార్డర్‌లో సరదాకి పట్టింది, ఆ క్యాసెట్ నుంచి తను దీంట్లోకి ఎక్కించుకుంది. ఆ రోజే, టేపు తిరుగుతుండగా అమ్మ, గుమ్మంలో మారాం చేస్తున్న చెల్లెలితో ఒక మాట అని నందిగామ బస్సెక్కింది. అక్కడే గుండె ఆగి పోయింది.

గడప దాటేవాళ్ళు "వెళ్ళొస్తా" అనాలి గాని "వెళ్తా" అనకూడదు కదా. అమ్మ "వెళ్తా" అందనీ, అందుకే తిరిగి రాలేదనీ దినాలనాడు మేనత్త అంది. ఆ మాట చెల్లెల్ని ఇప్పటికీ వదల్లేదు.

"నేను విసిగిస్తేనే అలా అంది అన్నయ్యా" అంటుంది.

జగ్గయ్యపేట షాపులో ఖరీదైన రిసీవర్‌కి పెన్‌డ్రైవ్ పెట్టారు. గరగర మొత్తం పోయింది. దాంతోపాటు అమ్మ ఊపిరి కూడా పోయింది.

"ఊరుకో అమ్మలూ... వెళ్తా."

"ఎంత క్లియరో చూశారా అండీ!" అన్నాడు షాపాయన.

చెల్లెలి మొహంలో రక్తం లేదు. "ఆపెయ్యండి" అంది.

నందిగామ షాపులోది నాసిరకం. గరగర, వీధికుక్క అరుపు, బస్సు హారను, అన్నీ కలిసి వచ్చాయి.

"నాయిస్ తగ్గిస్తానుండండి మేడమ్."

"వద్దు, చెయ్యి తియ్యండి!" అని చెల్లెలు మళ్ళీ పెట్టించింది. మళ్ళీ. చెవి స్పీకరుకి ఆనించింది. "అన్నయ్యా, 'వెళ్ళొస్తా' అంది! విన్నావా? కోతలు కొయ్యకుండా చెప్పు."

నాకు వినిపించింది హారనే.

"అంది" అన్నాను.

ఆ నాసిరకమే కొన్నాం. మధ్యాహ్నానికి ఇంట్లో బిగించాం. చెల్లెలు తనివితీరా విని, పెన్‌డ్రైవ్ పీకి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. నేను గోడ దగ్గర స్విచ్ ఆపాను. తను చెప్పులేసుకుంటూ గుమ్మంలోంచి అంది:

"వెళ్ళొస్తా అన్నయ్యా."

వెనక స్పీకరులో సన్నగా గరగర. ఆ గరగరలోంచి, "వెళ్ళిరా అమ్మలూ."

చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "గొంతులు మార్చే వేషాలు ఈ వయసులో కూడా మానవా?" అని వెళ్ళిపోయింది.

అప్పుడు నా నోటినిండా వక్కపొడి ఉంది.